చిమ్నీ తరఫు మనిషి

ఆయన పోయారని నాకు తెలిసింది రాఫెల్స్ ప్లేస్‌లో, మా ఆఫీసు దగ్గరి హాకర్ సెంటర్‌లో, తిండి స్టాళ్ళ మధ్య. పంచదార వద్దని స్పష్టంగా చెప్పినా నిమ్మరసంలో పంచదార వేసిన స్టాల్ మనిషితో అప్పుడు నేను వాదిస్తున్నాను. ఫోన్‌కి మా పాత పక్కింటివాళ్ళ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది: ‘అక్కా, నాన్న పొద్దున్న పోయారు. ముందు నీకే చెప్పమంది అమ్మ.’ వాదన సగంలో వదిలేసి, ఆ తియ్యటి నీళ్ళే పట్టుకుని వచ్చి కూర్చున్నాను. వాదన సగంలో వదలడం నాకు అలవాటు లేదు. ఆయన కోసం వదిలాను. ఆ సంగతి ముందుగానే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేవి ఆయనకు అంత మర్యాదగా అనిపించకపోవచ్చు.

జురాంగ్ వెస్ట్‌లో మాదీ వాళ్ళదీ పక్కపక్క ఫ్లాట్లు. బ్లాకులో తెలుగువాళ్ళు, తమిళులు, చైనీయులు అందరూ ఆయన్ని చిమ్నీ అంకుల్ అనే పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలికేవారు కాదు. విశాఖపట్నం మనిషి. చిన్న వయసులో ఇక్కడికి వచ్చి, మాకు ఎదురుగా సముద్రంలో ఉన్న దీవి మీద ఒక రిఫైనరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ముడిచమురులో గంధకం ఉంటుంది. దాన్ని తీయకుండా కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ అయి గాలిలో కలుస్తుంది, గొంతులో గుచ్చుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళని మంచాన పడేస్తుంది. ఆయన పనిచేసిన యూనిట్ ఆ గంధకాన్ని ముందే పట్టుకుని, పసుపుపచ్చటి సరుకుగా బయటికి తీస్తుంది. దాన్ని ఆయన ‘పంట’ అనేవారు. “ఆ ఏడు పంట బాగా వచ్చిందమ్మా” అంటే రైతులాగా ఉండేది. ఆ పంటలోంచి ఒక గడ్డ వాళ్ళ హాల్లో షోకేసులో, సింహాద్రి అప్పన్న పటం పక్కన ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు అది అమ్మవారి పసుపు అనుకుని దణ్ణం పెట్టేవారు. ఆయన వారించేవారు కాదు.

మా వరండా చివర, రెండు బ్లాకుల మధ్య సందులోంచి ఆ దీవి చిమ్నీలు కనిపిస్తాయి. పొద్దున్నే లుంగీ, బనీను, చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడి చూసేవారు. ఉయ్యాల్లో పిల్లాడు నిద్రపోతున్నాడో లేచాడో చూసినట్టు చూసేవారు. “ఈవేళ కులాసాగా ఉన్నాది” అని తనలో తనే అనుకుని లోపలికి వెళ్ళేవారు. ఎవరైనా ‘అబ్బ, ఎంత పొగ’ అన్నారో, అయిపోయారే.

“పొగ కాదమ్మా, ఆవిరి! తెల్లగా ఉంటే ఆవిరి. ఇడ్లీ పాత్ర మూత తీస్తే వస్తాదే, అదీ. మీ ఇంట్లో ఇడ్లీ వండితే ఎవులైనా కేసు పెడతారా?”

కంపెనీ మీద ప్రేమా అంటే అదీ కాదు. కంపెనీని ఆయన తిట్టినట్టు నేను కూడా తిట్టలేదు. రిటైరైన రోజున గోడ గడియారం ఇచ్చారట, అది ఇంటికి వచ్చేలోపే ఆగిపోయిందట. మేనేజర్ల పేర్లు ఎత్తితే ఆయన నోట వచ్చే మాటలు నేను అచ్చులో పెట్టలేను. చిమ్నీని మాత్రం ఒక్క మాట అనకూడదు. ఏ వాసన వచ్చినా ఆయన దగ్గర ముద్దాయిలు సిద్ధంగా ఉండేవారు. లంగరేసి నిలబడ్డ ఓడలు: “అవి తాగేది అట్టడుగు చమురమ్మా, రూలు వచ్చి తగ్గించారు గాని, లేకపోతేనా!” కరెంటు తయారుచేసే స్టేషన్లు. చైనీయులు వాళ్ళ పంచాంగం ఏడో నెలలో, పోయిన పెద్దల కోసం కింద పచ్చికలో కాల్చే కాగితాలు. ఎవరూ దొరక్కపోతే మా వంటిల్లు.

మా మొదటి గొడవ వరలక్ష్మీ వ్రతం రోజున జరిగింది. పేరంటానికి వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా నేను దీపం వెలిగించబోతున్నాను. వాళ్ళావిడని, అదే ఆంటీని, దింపడానికి వచ్చిన ఈయన గుమ్మంలోంచి కదలకుండా నిలబడ్డారు. నేను అగ్గిపుల్ల గీశాను. “ఆగమ్మా, ఆగు!” అన్నారు. ఏదో అపశకునం అయిందనుకుని ఆగాను. ఆయన లోపలికి వచ్చి, ఆ పుల్లని నా చేతిలోంచే తీసుకుని, ఆర్పి, నా ముక్కు కింద పెట్టారు.

“పీల్చు. గుచ్చిందా? అదే సల్ఫర్ డయాక్సైడ్. అగ్గిపుల్ల తల కాలితే వస్తాది. మా చిమ్నీ నుంచి ఇంత వాసన నీ ముక్కు దాకా ఎప్పుడైనా వచ్చిందా? సెప్పు. ఎవులు పొల్యూషనో ఇప్పుడు తేలిపోయింది.”

పేరంటాళ్ళందరూ నవ్వారు. అందులో మా తోటికోడలు కూడా ఉంది. వ్రతం నాడు దీపం పెడుతున్న దాన్ని పట్టుకుని, నా ఇంట్లో, నా పట్టుచీరలో నన్ను పొల్యూషన్ అన్న మనిషి ఆయన. ఆంటీ మాత్రం నవ్వలేదు. “మీరు ఇంటికి పదండి” అంది, అంతే. ఆవిడ ఎప్పుడూ పొట్టి మాటలే మాట్లాడేది. అప్పట్లో అది స్వభావం అనుకున్నాను.

తర్వాతది ఇంకా ఘోరం. ఆ ఏడు కొన్నాళ్ళు మా వైపు గాలి బాగాలేదు. గొంతు మండేది, కళ్ళు మండేవి. నేను గాలి సంగతి చూసే ఆఫీసుకి ఫిర్యాదు చేశాను, మళ్ళీ చేశాను, చేస్తూనే ఉన్నాను. మా అమ్మాయి, “అమ్మా, ఇనఫ్ లా, దే విల్ బ్లాక్ యువర్ నంబర్” అంది. బ్లాక్ చెయ్యలేదు, మనిషిని పంపారు. చేతిలో ఏదో చిన్న మిషను, మెడలో కార్డు, చక్కటి చైనీస్ కుర్రవాడు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఎదురుచూస్తున్నాను. లిఫ్టు దిగిన ఆఫీసర్ని నా కంటే ముందు ఈయన పట్టుకున్నారు.

“వాట్ స్మెల్ షీ రైట్? ఏ వాసనని రాసింది?”

“రాటెన్ ఎగ్, అంకుల్.”

“ఆ! కుళ్ళిన కోడిగుడ్డు! దట్ ఈజ్ నాట్ సల్ఫర్ డయాక్సైడ్ లా. దట్ ఈజ్ అదర్ గ్యాస్. కమ్, ఐ షో యూ.”

తీసుకొచ్చి ఎక్కడ చూపించారు? మా వంటింట్లో. పొయ్యి మీద ముల్లంగి పులుసు ఉడుకుతోంది, పక్కన గిన్నెలో కోడిగుడ్లు. ఆయన మూత తీసి, ఆవిరిని చేత్తో ఆ కుర్రవాడి వైపు విసిరారు. “సోర్స్” అన్నారు, కోర్టులో ముద్దాయిని చూపించినట్టు. ఆ అబ్బాయి నవ్వు ఆపుకోవడానికి మిషను వైపు చూస్తూ ఉండిపోయాడు. ‘కుకింగ్’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. రిఫైనరీలో ఆ కోడిగుడ్డు వాసన గ్యాస్ కూడా ఉంటుందనీ, ఆయన యూనిట్‌లోకి వచ్చే ముడిసరుకే అదనీ నాకు తర్వాత తెలిసింది. ఆ మాట ఆయన ఆఫీసరు ముందు ఎత్తనే లేదు. అడిగితే, “వాడు అడగలేదు, నేను సెప్పలేదు” అన్నారు. ఆ తర్వాత చాలాకాలం లిఫ్టులో కలిసినా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనది గమనించినట్టు కూడా అనిపించలేదు, అది మరీ మండించింది.

ఈలోగా ఆంటీకి ఆయాసం ఎక్కువైంది. ఆవిడ పొట్టి మాటలు ఇంకా పొట్టి అయిపోయాయి. ‘పెరుగు... ఉందా... అమ్మా’ అని ఒక్క ప్రశ్నని ముక్కలుగా అడిగేది. చేతిలో ఎప్పుడూ ఇన్‌హేలర్. డాక్టరు, “ఇదే కారణమని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ ఫ్యాక్టరీల వైపు నుంచి దూరంగా కొన్నాళ్ళు ఉంచి చూడండి” అన్నాడట. వాళ్ళమ్మాయి కాపురం ఊరికి ఆ చివర, హౌగాంగ్‌లో. గది ఖాళీ చేసి, కొత్త పరుపు కూడా కొని పెట్టింది. ఆంటీ, “ఆయన్ని వదిలి రాను” అంది. ఆయన, “నేను రాను” అన్నారు. ఎందుకు రారో పైకి చెప్పలేదు గాని బ్లాకులో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళాంతో హౌగాంగ్ వెళ్ళిపోవడమంటే చిమ్నీయే తప్పు చేసిందని సంతకం పెట్టినట్టు.

అలాంటి సమయంలో అమ్మాయి వాళ్ళిద్దరినీ సెలవులకి జావాకి తీసుకెళ్ళింది, గాలి మార్పు అవుతుందని. అక్కడికి వెళ్ళి ఈయన ఏం చూసి వచ్చారు? అగ్నిపర్వతం. ఆంటీని కింద హోటల్లో కూర్చోబెట్టి, తను జీపులో పైదాకా వెళ్ళి వచ్చారు. తిరిగొచ్చిన మర్నాడు, నేను మాట్లాడటం లేదన్న సంగతి పక్కన పెట్టి మా ఇంటికి వచ్చి ఫోన్‌లో వీడియో చూపించారు. రాళ్ళ పగుళ్ళలోంచి తెల్లగా, పచ్చగా పొగ బుసబుసా వస్తోంది. చుట్టూ గడ్డలు గడ్డలుగా గంధకం.

“సూడు! అదంతా పంటే! ఎవులు పండించారు? ఎవులూ లేరు. కంపెనీ లేదు, లైసెన్సు లేదు, ఇన్‌స్పెక్షన్ లేదు. అలగ వదిలేస్తున్నాది, పగలూ రాత్రీ. మేం గంధకం ఇంత జారితే షిఫ్టంతా నిలబెట్టి తిట్టేవోరు. దానికి ఫైన్ ఎవులేస్తారు?”

“నేనైతే ఫిర్యాదు చేసేదాన్ని” అన్నాను. అది మేము మాట్లాడుకోకుండా ఉన్న కాలం తర్వాత నా మొదటి మాట.

“ఎవులికి? దేవుడికా?” అని చాలాసేపు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, వీడియో మళ్ళీ మొదటి నుంచి చూశారు. ఆయన మొహంలో అసూయ ఉంది, కోపం ఉంది. ఇంకేదో కూడా కదిలింది. అది ఏమిటో నాకు కొన్ని వారాలకు గాని తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మార్కెట్ నుంచి వస్తూ ఆంటీ కింద బెంచీ మీద కూలబడిపోయింది. నేనూ, మా ఆయనా పట్టుకుని టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. మొహానికి మాస్కు పెట్టి మందు పొగ పట్టారు. చిమ్నీ అంకుల్ తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, బయటికి పోకుండా, నర్సులందరికీ అడ్డంగా ఉన్నారు. ఆవిడ్ని నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపారు.

మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నీతో పనుంది.”

“చెప్పండి అంకుల్.”

“శనివారం మా అమ్మాయి వస్తాది. నువ్వూ రావాల. వచ్చి ఒక మాట సెప్పాల.”

“ఏం మాట?”

“అది సుమత్రా అగ్నిపర్వతం నుంచి వస్తున్నాదని.”

నాకు అర్థం కాలేదు. “ఏది?”

“గాలమ్మా! సుమత్రా ఆ పక్క, పడమట. అక్కడ పేలితే ముందు తగిలేది ఎవులికి? మనకి. జురాంగ్ వెస్ట్‌కి. హౌగాంగ్ ఇంకో చివర, తూరుపు. అక్కడికి రాదు. అందుకని మేం ఎళ్ళిపోతున్నాం. అంతే. చిమ్నీకి ఏటీ సంబంధం లేదు.”

“మీరే చెప్పొచ్చు కదా?”

“నేను సెప్తే ఎవులు నమ్ముతారు? నేను చిమ్నీ తరఫు మనిషిని. నువ్వు చిమ్నీ పగదానివి. బ్లాకంతటికీ తెలుసు. నువ్వు సెప్తే చెల్లుతాది.”

ఆ తెలివి చూడండి. ఇన్నేళ్ళు చిమ్నీ మీద ఫిర్యాదులు చేసిన దాన్ని నేనే వెళ్ళి దాన్ని నిర్దోషి అని చెప్పాలట. అదీ అగ్నిపర్వతం పేరు పెట్టి! సుమత్రాలో పేలిన కొండ, సముద్రం దాటి వచ్చి, జురాంగ్ వెస్ట్‌లో మెట్రో స్టేషను దగ్గర ఆగి, హౌగాంగ్ ట్రైను ఎక్కకుండా వెనక్కి పోతుందట! సరే, నాకూ ఒక బాకీ ఉంది. అవకాశం వచ్చింది.

“చెప్తాను” అన్నాను. “ఒక షరతు. ఆ రోజు ఆఫీసరు ముందు మా వంటింటి మీద పెట్టింది అబద్ధమని అందరి ముందూ ఒప్పుకోండి. ఆ వాసన ముల్లంగిది కాదని చెప్పండి.”

ఆయన చాలాసేపు ఆలోచించారు. నిజంగా ఆలోచించారు, గోడ వైపు చూస్తూ. తర్వాత తల అడ్డంగా ఊపారు.

“అది ముల్లంగేనమ్మా.”

“అంకుల్!”

“ఏటి సెయ్యను? అబద్ధం ఆడమంటే ఎలగ? అది ముల్లంగే.”

తలుపు వేసేశాను. ఆయన మొహం మీదే వేసేశాను. అబద్ధం ఆడటం చేతకాదట! నన్ను మాత్రం సుమత్రా దాకా వెళ్ళి ఆడమంటారు. శనివారం నేను వెళ్ళేది లేదని మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు చదువుతూ, “వెళ్ళకపోతే మానెయ్” అన్నారు, అది ఇంకో విషయం.

శనివారం పొద్దున్న తలుపు చప్పుడైంది. ఆంటీ. చేతిలో గిన్నె, మీద మూత. మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ ఉన్న దూరం ఎంత, చెయ్యి చాపితే అందేంత. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది.

“పులిహోర... చేశాను... అమ్మాయి... వస్తోంది... కదా... నువ్వూ...”

ఆ తర్వాతి మాట రాలేదు. వస్తుందని నేను ఎదురుచూశాను. ఆవిడా ఎదురుచూసింది. చివరికి గిన్నె నా చేతిలో పెట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వాళ్ళింట్లో అందరం కూర్చున్నాం. చిమ్నీ అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. షోకేసులో గంధకం గడ్డ దుమ్ము తుడిచి ఉంది. నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని, సుమత్రా కథ మొత్తం వాళ్ళమ్మాయికి చెప్పి, “కావాలంటే ఈవిణ్ణి అడుగు” అన్నారు.

అమ్మాయి ఇంజనీరు. నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేసింది. “అక్కా, సీరియస్లీ? వాల్కేనోనా?”

“అవును” అన్నాను.

“హౌగాంగ్ ఎంత దూరం అక్కా ఇక్కడి నుంచి? ట్రైన్‌లో ఒక నిద్ర కూడా పట్టదు!”

“దూరం కాదమ్మా, దిక్కు” అన్నారు ఆయన.

“దిక్కు” అన్నాను నేను. ఆ మాట అనడానికి నా పళ్ళు ఎంత బిగించానో నాకే తెలుసు. “గాలి వాటం. నేను ఎన్ని ఫిర్యాదులు చేశాను, అన్నీ చూశాక నాకు తెలిసింది ఇదే.”

ఆంటీ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. “మరి... చిమ్నీ?”

ఆయన తన చేతుల వైపు చూసుకుంటున్నారు. జీవితమంతా చిమ్నీ తరఫున మాట్లాడిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నోరు తెరవలేదు. భార్య కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనడం ఆయన వల్ల కాలేదు. నేనే అన్నాను.

“చిమ్నీకి ఏం సంబంధం లేదు ఆంటీ.”

అమ్మాయి నన్నొకసారి, వాళ్ళ నాన్ననొకసారి చూసి, ఏం అర్థమైందో, “సరే, వాల్కేనోనే. సామాన్లు సర్దుదాం” అంది.

వాళ్ళు వెళ్ళిన రోజు లిఫ్టు దగ్గర ఆయన నాకు థాంక్స్ చెప్తారని నిలబడ్డాను. “వరండా చివర తులసి కుండీ నీకే వదిలేస్తున్నాను, నీళ్ళు పొయ్యి” అన్నారు. లిఫ్టు తలుపు మూసుకుంది. అంతే.

కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది, పొద్దున్నే, నేను ఆఫీసుకి బయల్దేరే హడావిడిలో.

“ఏటమ్మా, ఎలగున్నాది?”

పోనీలే, ఇప్పటికైనా అడిగారు అనుకుని, నా మోకాలి నొప్పి సంగతి, లిఫ్టు మరమ్మతు సంగతి, పై ఫ్లాటువాళ్ళు కుర్చీలు ఈడ్చే సంగతి వివరంగా మొదలుపెట్టాను.

“నువ్వు కాదమ్మా” అన్నారు. “అది.”

ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. పెట్టలేదు. వరండా చివరికి వెళ్ళి చూశాను. “తెల్లగా ఉంది” అన్నాను.

“ఆవిరి” అన్నారు తృప్తిగా, పెట్టేశారు. ఆ తర్వాత తరచూ చేసేవారు. నేను తరచూ వెళ్ళి చూసేదాన్ని. ఒక్కసారి కూడా నా మోకాలు ఎలా ఉందని అడగలేదు.

ఆయన పోయిన వారానికి హౌగాంగ్ వెళ్ళాను. హాలు నిండా జనం, వాళ్ళమ్మాయి ఆఫీసువాళ్ళు, అల్లుడి తరఫు చుట్టాలు. మూల కుర్చీలో కూర్చున్న ఒకాయన, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన, ఆంటీని మర్యాదకి అడిగాడు, ముందు ఎక్కడ ఉండేవారని.

ఆంటీ చెప్పింది. జురాంగ్ వెస్ట్‌లో ఉండేవాళ్ళమనీ, సుమత్రాలో అగ్నిపర్వతాలు ఉన్నాయనీ, ఆ గాలి ముందు పడమటి వైపే కొడుతుందనీ, తనకి ఆయాసం అందువల్లే వచ్చిందనీ, చిమ్నీల వల్ల అని లోకం అనుకుంటుంది గాని అది కాదనీ, ఆయన అన్నీ కనుక్కుని తన కోసం అంత ఇష్టమైన ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చారనీ చెప్పింది.

ఆ పెద్దమనిషి ఫోన్ తీసి ఏదో వెతకబోయాడు. “ఆంటీ, బట్ సుమత్రా నుంచి...” అన్నాడు.

“ఫోన్ జేబులో పెట్టండి” అన్నాను. నా గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. “మేం అక్కడ ఉన్నాం. మీరు లేరు.”

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ చూపు నేను మర్చిపోను, అది వేరే సంగతి. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, అప్పుడే లోపలికి వచ్చిన ఇంకొకావిడకి మళ్ళీ మొదటి నుంచి చెప్పసాగింది. నేను వింటూ కూర్చున్నాను. సుమత్రా దగ్గర మొదలై హౌగాంగ్ దాకా వచ్చింది, మధ్యలో ఒక్కచోట కూడా ఊపిరి కోసం ఆగకుండా.